ఆకాశంలోనూ చుట్టుదారే!

ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య దూరం మారలేదు. మారుతున్నది ప్రయాణ కాలమే

అవనిగడ్డ: ఊళ్ళో పెద్దాయన కన్నుమూశారు. వాకిట్లో ఫ్రీజర్ పెట్టె దింపారు. కొడుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒక్కటే: "అబ్బాయి ఎప్పటికి వస్తాడు?"

కృష్ణా జిల్లా గ్రామాల్లో ఈ దృశ్యం ఇప్పుడు కొత్త కాదు. దివిసీమ నుంచి గుడివాడ దాకా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒక్కటైనా లేని ఊరు అరుదు. కబురు క్షణంలో చేరుతుంది. ఫోనులో ముఖం కూడా కనిపిస్తుంది. మనిషి రావడానికి మాత్రం రోజున్నర పడుతుంది. అదైనా అన్నీ కలిసివస్తేనే. ఇటీవలి సంవత్సరాల్లో అన్నీ కలిసిరావడం తగ్గింది.

విమానాలు పాతవాటికంటే మెరుగుపడ్డాయి. రెండు ఊళ్ళ మధ్య దూరం అంగుళమైనా పెరగలేదు. అయినా ప్రయాణం ఎందుకు ఎక్కువ సేపు పడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం కొంత గాలిలో, కొంత కొండల్లో, చాలావరకు దేశాల మధ్య తగాదాల్లో ఉంది.

గ్లోబు మీద దారం

మన దేశం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎక్కడా ఆగని విమానాన్ని ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి ప్రారంభించింది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దగ్గరి దారిన దూరం దాదాపు 12,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే ఈ ప్రయాణం భూమి చుట్టూ మూడో వంతుకు కొంచెం తక్కువ.

గోడకు తగిలించిన పటం మీద స్కేలు పెట్టి చూస్తే ఢిల్లీ నుంచి తూర్పుగా చైనా, జపాను, పసిఫిక్ మహాసముద్రం దాటి వెళ్ళాలనిపిస్తుంది. కాని భూమి గుండ్రంగా ఉంది. హైస్కూల్లో గ్లోబు ఉంటే ఢిల్లీ మీద ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక కొస పెట్టి దారాన్ని బిగుతుగా లాగి చూడవచ్చు. దారం తూర్పుకు పోదు. ఉత్తరానికి ఎక్కుతుంది. సైబీరియా మీదుగా మంచు సముద్రం అంచును తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. అదే అన్నిటికంటే దగ్గరి దారి. ఇదే కొలతతో హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,500 కిలోమీటర్లు.

పెద్ద విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 14 గంటలు చాలాలి. అయితే టికెట్టు మీద సాధారణంగా 15 నుంచి 17 గంటలు కనిపిస్తుంది. మధ్యలో ఎక్కడైనా దిగవలసివస్తే ఇంకా పెరుగుతుంది. ఈ అదనపు గంటలు ఎక్కడ పోతున్నాయన్నదే అసలు విషయం.

ఏటి వాలు, ఎదురు

కృష్ణలో పడవ నడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు. వాలుకు పోయే పడవకూ ఎదురెక్కే పడవకూ ఒకే దూరానికి ఒకే సమయం పట్టదు. ఆకాశంలోనూ అంతే. నేల నుంచి తొమ్మిది మొదలు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు ఏరులా పారుతుంటాయి. వాటి వేగం ఒక్కొక్కప్పుడు గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. పెద్ద విమానాలు ఎగిరేదీ ఆ ఎత్తునే. తూర్పుకు వెళ్ళే విమానాన్ని ఆ గాలి తోస్తుంది. పడమటికి వెళ్ళే విమానాన్ని వెనక్కి నెడుతుంది.

దీనికి 2016 అక్టోబరులో మంచి నిదర్శనం దొరికింది. అంతవరకు ఎయిరిండియా విమానం ఢిల్లీ నుంచి యూరప్, అట్లాంటిక్ సముద్రం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళేది. ఆ దారి 13,900 కిలోమీటర్లు. గాలి ఎదురు. ఆ నెలలో విమానాన్ని తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. దారి 15,300 కిలోమీటర్లు అయింది. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా గాలి వాలు కలిసిరావడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. పాత దారి కంటే సుమారు రెండు గంటలు ఆదా. దూరం పెరిగి కాలం తగ్గిందంటే వినడానికి వింతగా ఉంటుంది. వాలు, ఎదురు తెలిసిన పడవ సరంగు మాత్రం ఇందులో వింతేమీ లేదంటాడు.

అయితే తిరుగు ప్రయాణంలో అదే దారిన వస్తే అదే గాలి ఎదురవుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు పట్టే సమయాలు వేర్వేరుగా ఉంటాయి. చలికాలంలో ఈ గాలుల ఉద్ధృతి ఎక్కువ కనుక ఒకే విమానానికి నెలనుబట్టి కూడా సమయం మారుతుంది.

ఇక్కడ రచ్చబండ దగ్గర తరచు వినిపించే ఒక అనుమానం తీర్చవలసి ఉంది. భూమి తిరుగుతున్నది కదా, విమానం పైకి లేచి కదలకుండా ఉంటే అమెరికాయే కిందికి రాదా అని కొందరు అడుగుతుంటారు. రాదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతుంది. కదిలే బస్సులో పైకి ఎగిరినవాడు మళ్ళీ అదే చోట దిగినట్టే ఇదీ.

గడియారం చేసే మాయ

ప్రయాణ కాలం విషయంలో పల్లెల్లో ఎక్కువమందిని తికమక పెట్టేది తేదీలు. మన గడియారానికీ శాన్‌ఫ్రాన్సిస్కో గడియారానికీ వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. మనం ముందు, వారు వెనుక. ఏడాదిలో రెండుసార్లు అక్కడ గడియారాలను గంట ముందుకు, గంట వెనక్కు జరుపుతారు కనుక ఈ మార్పు.

ఉదాహరణకు వేసవిలో ఒక తల్లి బుధవారం తెల్లవారుజామున 3 గంటలకు ఢిల్లీలో విమానం ఎక్కిందనుకుందాం. పదిహేనున్నర గంటలు ఎగిరిన తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి అక్కడి గడియారంలో అదే బుధవారం ఉదయం 6 గంటలవుతుంది. కాగితం మీద చూస్తే మూడు గంటల ప్రయాణం! తిరిగివచ్చేటప్పుడు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ బుధవారం రాత్రి 9 గంటలకు ఎక్కి పదహారు గంటలు ఎగిరితే ఢిల్లీలో దిగేసరికి శుక్రవారం తెల్లవారుజామున ఒకటిన్నర అవుతుంది. మధ్యలో గురువారం ఎటు పోయిందో తెలియదు.

కర్మకాండలకు తిథులు చూసుకునేవారు, పెళ్ళి ముహూర్తానికి పిల్లలను పిలిచేవారు ఈ లెక్క తప్పితే ఒక రోజు నష్టపోతారు. "బుధవారం బయలుదేరాడు" అని ఫోనులో విన్నప్పుడు అది ఏ దేశపు బుధవారమో అడిగి తెలుసుకోవడం అవసరం.

పెనుమూడి వారధి లేని రోజులు

గాలి దేవుడి చేతిలో ఉంది. దారి మాత్రం మనుషుల చేతిలో ఉంది. సమస్యంతా ఇక్కడే.

అవనిగడ్డకు, రేపల్లెకు మధ్య ఉన్నది కృష్ణానది ఒక్కటే. కాకి ఎగిరితే పది కిలోమీటర్లు. పెనుమూడి-పులిగడ్డ వారధి లేని రోజుల్లో రేవు దాటే వీలు లేకపోతే విజయవాడ దాకా వెళ్ళి, ప్రకాశం బ్యారేజి దాటి, అవతలి గట్టున మళ్ళీ కిందికి రావలసి వచ్చేది. నూరు కిలోమీటర్లకు పైగా తిరుగుడు. ఇప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి ఎగరవలసిన విమానాల పరిస్థితి అదే.

ఆకాశం అందరిదీ అనుకుంటాం. చట్టం అలా అనదు. 1944 డిసెంబరు 7న అమెరికాలోని షికాగోలో దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన నేలపైన ఉన్న ఆకాశం మీద సంపూర్ణ అధికారం ఉంది. పరాయి విమానం దాటాలంటే అనుమతి కావాలి. రుసుము చెల్లించాలి. వద్దంటే చుట్టు తిరిగి పోవలసిందే.

ఢిల్లీ పటంలో ఎక్కడుందో గమనిస్తే ఇబ్బంది అర్థమవుతుంది. ఉత్తరాన హిమాలయాలు, వాటి వెనుక టిబెట్ పీఠభూమి. విమానం ఆ కొండలకంటే ఎత్తుననే ఎగరగలదు. అయితే లోపల గాలి పీడనం పడిపోతే ప్రయాణికులు ఊపిరి పీల్చుకోవడానికి విమానాన్ని వెంటనే సుమారు మూడు వేల మీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్‌లో నేలే సగటున నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది. దిగడానికి చోటు లేదు. అందుకే సాధారణంగా విమానాలు ఆ దారిని తప్పించుకుంటాయి. ఇక మిగిలిన దగ్గరి దారి వాయవ్యంగా పాకిస్తాన్ మీదుగా మధ్య ఆసియాకు పోవడం. అదే మూతపడింది.

తలుపు రెండుసార్లు మూశారు

బాలాకోట్ దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసింది. జులై 16న గాని తెరవలేదు. జులై 2 నాటికే ఎయిరిండియా ఒక్కదానికే రూ.491 కోట్ల నష్టం వచ్చిందని అప్పటి విమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురి రాజ్యసభలో చెప్పారు.

రెండోసారి మూసింది 2025లో. ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మన ప్రభుత్వం తీసుకున్న చర్యలకు ప్రతిగా ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమానాలకు తన ఆకాశాన్ని మూసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా పాకిస్తాన్ విమానాలకు తలుపు మూసింది. ఆ తర్వాత ఇరు దేశాలు ఈ నిషేధాన్ని నెలనెలా పొడిగిస్తూ వచ్చాయి.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. నిషేధం భారత విమానాలకే గాని భారతీయ ప్రయాణికులకు కాదు. ఇతర దేశాల సంస్థల విమానాలు పాకిస్తాన్ మీదుగా తిరగడానికి ఈ నిషేధం అడ్డు రాలేదు. మన సంస్థల విమానాలు మాత్రం ఢిల్లీ నుంచి గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా, గల్ఫ్ దేశాలు దాటి యూరప్ చేరవలసి వచ్చింది. ఒకే చోటికి వెళ్ళే రెండు విమానాల్లో ఒకటి ముందు, ఒకటి వెనుక చేరడానికి కారణం తోక మీద ఉన్న జెండాయే.

చుట్టు తిరిగితే పెరిగేది కాలం ఒక్కటే కాదు. బోయింగ్ 777 వంటి పెద్ద విమానం గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం తాగుతుంది. ఎక్కువ ఇంధనం నింపితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఇంధనం మరింత ఖర్చవుతుంది. ఒక హద్దు దాటితే ప్రయాణికులనో సరుకునో తగ్గించాలి. లేదా మధ్యలో దిగి నింపుకోవాలి. పైలట్లు ఎన్ని గంటలు పని చేయవచ్చో నిబంధనలున్నాయి. ఆ గంటలు దాటితే వారినీ మార్చాలి. ఈ కారణాలవల్లే 2025లో ఎయిరిండియా అమెరికా, కెనడా విమానాలు కొన్ని వియన్నాలోను, కోపెన్‌హాగెన్‌లోను ఆగి వెళ్ళాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ముంబయి వచ్చే విమానం కోల్‌కతాలో ఆగింది. ఢిల్లీ-వాషింగ్టన్ విమానాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి నిలిపివేశారు. విమానాలకు మరమ్మతులు చేయిస్తుండడంతోపాటు పాకిస్తాన్ ఆకాశం మూతపడడం కూడా అందుకు కారణమని సంస్థ చెప్పింది.

నిషేధం ఏడాదిపాటు ఉంటే సుమారు 60 కోట్ల డాలర్ల అదనపు భారం పడుతుందని ఎయిరిండియా మొదట్లోనే ప్రభుత్వానికి తెలిపినట్టు వార్తలు వచ్చాయి. చైనాలోని షిన్‌జియాంగ్ మీదుగా దారి ఇప్పించవలసిందిగా కోరుతున్నట్టు 2025 నవంబరులో మరో వార్త వచ్చింది. సంస్థ మీద పడిన భారం చివరకు ఎవరి టికెట్టులో చేరుతుందో చెప్పనక్కరలేదు.

రష్యా దారి

ఉత్తర దిక్కున మరో తలుపు 2022లో మూతపడింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత అమెరికా, యూరప్ దేశాలు రష్యా విమానాలను రానివ్వమన్నాయి. రష్యా వారి విమానాలను రానివ్వనంది. గ్లోబు మీద దారం చూపిన దగ్గరి దారి సైబీరియా మీదుగానే కనుక అమెరికా సంస్థలకు పెద్ద దెబ్బ తగిలింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2022 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో-ఢిల్లీ విమానాన్ని ఆపివేసింది.

రష్యా భారత విమానాలను అడ్డుకోలేదు. అప్పట్లో అది ఎయిరిండియాకు కలిసివచ్చింది. అయితే ఆ దారికీ ఒక చిక్కు ఉందని 2023 జూన్ 6న తెలిసివచ్చింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న విమానంలో ఒక ఇంజనుకు ఇబ్బంది రావడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ పట్టణంలో దించవలసి వచ్చింది. విమానంలో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. అందరూ క్షేమమే. కాని భాష తెలియని ఊళ్ళో, చలిలో, దొరికిన వసతిలో గడపవలసి వచ్చింది. ముంబయి నుంచి వేరే విమానం వెళ్ళి వారిని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చేసరికి తేదీ జూన్ 8 అయింది. 16 గంటల ప్రయాణం రెండు రోజులు దాటింది.

ఒక దేశానికి రష్యా తలుపు మూసి పాకిస్తాన్ తలుపు తెరిచి ఉంది. మరో దేశానికి పాకిస్తాన్ తలుపు మూసి రష్యా తలుపు తెరిచి ఉంది. ఇరువైపులా నలిగేది ప్రయాణికుడే.

గల్ఫ్ మీదుగా వెళితే?

జిల్లా నుంచి అమెరికా వెళ్ళేవారిలో చాలామంది హైదరాబాదులో ఎక్కి దుబాయి, దోహా, అబూధాబీల్లో విమానం మారుతుంటారు. దూరం చూస్తే ఇది చుట్టుదారే. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 13,000. మొత్తం 15,500 పైచిలుకు. నేరు దారి కంటే రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. అయినా రోజూ విమానాలు ఉండడం, ఢిల్లీ వెళ్ళే పని లేకపోవడం ఈ దారికి గిరాకీ తెచ్చాయి.

ఈ దారికీ భరోసా లేదని 2025 జూన్‌లో తేలింది. ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం సందర్భంగా జూన్ 23న ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. ఖతార్‌తోపాటు పొరుగు దేశాలు కూడా కొన్ని గంటలపాటు ఆకాశాన్ని మూశాయి. మూసింది గంటలే. చెల్లాచెదురైన విమానాలు, ప్రయాణికులు దారిన పడడానికి రోజులు పట్టింది.

హైదరాబాదు నుంచే ఆగకుండా అమెరికా వెళ్ళే అవకాశం ఒకసారి వచ్చింది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాదు-షికాగో విమానాన్ని ప్రారంభించింది. దాదాపు పదిహేడు గంటల ప్రయాణం. తెలుగువారు సంబరపడ్డారు. అది ఎక్కువ కాలం సాగలేదు.

గడప నుంచి గడపకు

విమానం ఎగిరే గంటలు ప్రయాణంలో ఒక భాగం మాత్రమే. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్న కొడుకు అవనిగడ్డ చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేయవచ్చు. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. ఢిల్లీకి పదహారు గంటలు. పాస్‌పోర్టు తనిఖీ, పెట్టెలు తీసుకోవడం, గన్నవరం విమానం కోసం ఎదురుచూడడం నాలుగు గంటలు. ఢిల్లీ నుంచి గన్నవరం రెండున్నర గంటలు. అక్కడి నుంచి కారులో ఊరికి రెండు గంటలు. మొత్తం ఇరవై ఎనిమిదిన్నర. ఇది అన్నీ కుదిరిన లెక్క. మధ్యలో విమానం దిగి నింపుకుంటే ముప్పై దాటుతుంది. ఢిల్లీలో గన్నవరం విమానం తప్పిపోతే మరో పూట.

దుబాయి మీదుగా వస్తే గంట, మూడు గంటలు మామూలే. దుబాయికి పదహారు. అక్కడ నాలుగు గంటల నిరీక్షణ. హైదరాబాదుకు దాదాపు నాలుగు. శంషాబాద్‌లో బయటపడేసరికి మరో గంట. రోడ్డు మీద ఏడు గంటలు. మొత్తం ముప్పై ఆరు.

వీటికి టికెట్టు దొరకడానికి పట్టే సమయం కూడా కలపాలి. వీసా ముద్ర గడువు తీరినవారు వస్తే మళ్ళీ అమెరికా కాన్సులేటులో ముద్ర వేయించుకుంటేనే తిరిగి వెళ్ళగలరు. 2025 సెప్టెంబరు 2 నుంచి చాలామందికి ఇంటర్వ్యూ మినహాయింపు తీసివేయడంతో ఆ భయం పెరిగింది. తండ్రి శవం ఇక్కడ, ఉద్యోగం అక్కడ అన్న ఇరకాటంలో పడినవారికి కిలోమీటర్ల లెక్క ఓదార్పు కాదు.

అందుకే ఊళ్ళో పెద్దలు తొందరపడి మాట ఇవ్వరాదు. "రేపు సాయంత్రానికి వస్తాడు, అప్పటిదాకా ఉంచుదాం" అని చెప్పే ముందు అతను విమానం ఎక్కాడా, ఏ దారిన వస్తున్నాడు, ఎక్కడ మారాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం రావాలి. అప్పటిదాకా రెండో కొడుకో, తమ్ముడో తలకొరివికి సిద్ధంగా ఉండడం వివేకం. పెద్దకర్మ నాటికి అందుకునేలా రమ్మని అబ్బాయికి నచ్చజెప్పే కుటుంబాలు కూడా ఉన్నాయి. అది కఠినమైన నిర్ణయమే అయినా తప్పు పట్టవలసింది కాదు.

పెద్దవారు వెళ్ళేటప్పుడు

కూతురి పురుడుకో, మనవడిని చూసుకోవడానికో వెళ్ళే తల్లిదండ్రుల సంఖ్య తక్కువేమీ కాదు. వారు టికెట్టు కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకూడదు. విమానం మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా, ఎంతసేపు ఆగుతుంది అని అడగాలి. ఊరి దగ్గరి విమానాశ్రయం నుంచి అమెరికా దాకా ప్రయాణమంతా ఒకే టికెట్టు మీద ఉండడం మేలు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరో విమానంలో పంపే బాధ్యత అప్పుడు సంస్థది అవుతుంది. నాలుగు డబ్బులు కలిసివస్తాయని వేర్వేరు టికెట్లు కొంటే నష్టం ప్రయాణికుడిదే.

పదిహేను గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటా రెండు గంటలకోసారి లేచి నడవాలి. మంచినీళ్ళు తాగుతుండాలి. బి.పి., షుగరు మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచీలో ఉండాలి గాని పెద్ద పెట్టెలో కాదు. ఇన్సులిన్ వేసుకునేవారు వేళలు ఎలా మార్చుకోవాలో బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. నడవలేనివారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొనేటప్పుడే రాయించాలి. దానికి తోడు మరో సంగతి: సాధారణంగా అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే పాస్‌పోర్టు తనిఖీ జరుగుతుంది, పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్ళీ ఇవ్వవలసి ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా చూసుకోవాలి.

విమానం చేయగలదు, తలుపే తెరవాలి

1948 జూన్ 8న ఎయిరిండియా తొలి విదేశీ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల్లో ఆగుతూ లండన్ వెళ్ళింది. 1960లో న్యూయార్కు దాకా సాగింది. ఆనాడు ఆగడం యంత్రం అశక్తత. ఈనాటి విమానం అశక్తమైనది కాదు. సింగపూరు నుంచి న్యూయార్కుకు 15,300 కిలోమీటర్లకు పైగా, పద్దెనిమిదిన్నర గంటలు దాటి, ఎక్కడా ఆగకుండా విమానం నడుస్తున్నది. సిడ్నీ నుంచి లండన్‌కు దాదాపు 17,000 కిలోమీటర్లు ఒకే ఊపున నడుపుతామని, 2027లో మొదలుపెడతామని ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటస్ సంస్థ ప్రకటించింది. భూమి మీద ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా దూరం 20,000 కిలోమీటర్లు మించదు. యంత్రం ఆ హద్దుకు చేరువవుతున్నది.

అంత చేయగల విమానం 12,400 కిలోమీటర్ల దూరానికి చుట్టూ తిరిగి, మధ్యలో దిగి నింపుకోవలసి వస్తున్నదంటే లోపం యంత్రంలో లేదు. దేశ భద్రత విషయంలో ప్రభుత్వాలు కఠినంగా ఉండడం తప్పు కాదు. అయితే ఆ కాఠిన్యపు ఖర్చు సామాన్య ప్రయాణికుడి మీద ఎంత పడుతున్నదో కూడా లెక్కలోకి రావాలి. విమాన సంస్థలు కూడా దారి మారినప్పుడు, మధ్యలో ఆగవలసినప్పుడు ఆ సంగతి టికెట్టు అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పాలి. చావు కబురు విని బయలుదేరేవారికి సీటు ఇవ్వడంలో ప్రత్యేక శ్రద్ధ చూపాలి.

"అబ్బాయి ఎప్పటికి వస్తాడు?" అన్న ప్రశ్న దివిసీమ పల్లెల్లో ముందు ముందు కూడా వినిపిస్తూనే ఉంటుంది. పటంలో దూరం చూసి దానికి సమాధానం చెప్పే రోజులు పోయాయి. ఆ వారం ఏ దేశపు ఆకాశం తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నది కూడా చూసి చెప్పవలసి వస్తున్నది.